సెల్టిక్స్‌కు సొంతగడ్డపై ఎదురైన పరాభవం: దురదృష్టమా, జట్టు నిర్మాణంలో లోపమా?

2023 మే 29, సోమవారం రాత్రి. అమెరికాలోని బోస్టన్ నగరంలో టీడీ గార్డెన్ ప్రాంగణం 19 వేల మందికి పైగా ప్రేక్షకులతో కిక్కిరిసి ఉంది. భారత కాలమానం ప్రకారం అప్పటికి మరుసటి రోజు ఉదయం ఆరు గంటలు దాటింది. బాస్కెట్‌బాల్‌ను అభిమానించే భారతీయులు అనేకమంది ఆ ఉదయం టీవీల ముందు, ఫోన్ల ముందు కూర్చున్నారు. ఎన్‌బీఏ చరిత్రలో అంతకుముందు ఎన్నడూ జరగనిది ఆ రోజు జరగవచ్చునన్న ఆశే అందుకు కారణం.

ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మొదటి మూడింటిని ఓడిపోయిన జట్టు తిరిగి పుంజుకుని సిరీస్ గెలవడమన్నది ఎన్‌బీఏలో లేదు. అప్పటికి 150 జట్లు ఆ స్థితిలో చిక్కుకుని, అన్నీ ఓడిపోయాయి. బోస్టన్ సెల్టిక్స్ మాత్రం మయామీ హీట్ చేతిలో 0-3తో వెనుకబడి, ఆ తర్వాత వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచి 3-3తో సమం చేసింది. ఆరో మ్యాచ్‌లో ఆట ముగియడానికి సెకనులో పదో వంతు మిగిలి ఉండగా డెరిక్ వైట్ వేసిన బంతి బాస్కెట్‌లో పడి, 104-103తో ప్రాణం నిలిచింది. నిర్ణాయకమైన ఏడో మ్యాచ్ సొంతగడ్డపై. ప్రత్యర్థి లీగ్ దశలో 44 మ్యాచ్‌లు మాత్రమే గెలిచి, ప్లే-ఇన్ దశ ద్వారా ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టిన జట్టు. సెల్టిక్స్ 57 విజయాలు సాధించిన జట్టు.

ఫలితం: మయామీ 103, బోస్టన్ 84.

ఆ ఓటమి జరిగిన తీరు, దానికి కారణాలుగా బయటపడిన లోపాలు, వాటిని సరిదిద్దుకునేందుకు క్లబ్ తీసుకున్న నిర్ణయాలు, వాటి ఫలితాలు బాస్కెట్‌బాల్‌కే పరిమితమైన పాఠాలు కావు. ఒక ఓటమిని ఎలా చదవాలన్న ప్రశ్నకు ఇది మంచి ఉదాహరణ.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఆట మొదలైన తొలి నిమిషంలోనే సెల్టిక్స్‌కు ఎదురుదెబ్బ తగిలింది. జట్టుకు ప్రధానాధారమైన జేసన్ టేటమ్ షాట్ వేసి కిందికి దిగుతూ ప్రత్యర్థి పాదంపై అడుగు పడడంతో చీలమండ మెలిపడింది. ఆయన ఆట కొనసాగించారు గానీ, మామూలు వేగంతో కదలలేకపోయారు. 14 పాయింట్లతో ముగించారు. రెండు వారాల క్రితమే ఇదే ప్రాంగణంలో ఫిలడెల్ఫియాపై మరో ఏడో మ్యాచ్‌లో ఆయన 51 పాయింట్లు సాధించారన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ లోటు ఎంతటిదో అర్థమవుతుంది.

భారం జేలెన్ బ్రౌన్ మీద పడింది. ఆయన 23 షాట్లు ప్రయత్నించి ఎనిమిదింటిని మాత్రమే సఫలం చేయగలిగారు. 19 పాయింట్లు చేశారు. ఎనిమిదిసార్లు బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకున్నారు. జట్టు మొత్తంగా 15 సార్లు బంతిని పోగొట్టుకుంటే, అందులో సగానికి పైగా ఒక్కరి చేతుల మీదుగానే జరిగిందన్నమాట.

వీటన్నిటికంటే ఎక్కువగా చర్చకు వచ్చిన అంకె మరొకటి ఉంది. సెల్టిక్స్ ఆ రాత్రి మూడు పాయింట్ల షాట్లు 42 వేసింది. పడ్డవి తొమ్మిది. మొదటి క్వార్టర్‌లో వేసిన పదింటిలో ఒక్కటీ పడలేదు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి మయామీ 22-15తో, విరామ సమయానికి 52-41తో ఆధిక్యంలో ఉంది. మూడో క్వార్టర్ చివర తేడా పది పాయింట్లు. అక్కడి నుంచి మ్యాచ్ పూర్తిగా చేజారింది.

అవతలి పక్షాన జిమ్మీ బట్లర్ 28 పాయింట్లు, కేలబ్ మార్టిన్ 26 పాయింట్లు సాధించారు. మయామీ 28 మూడు పాయింట్ల షాట్లు వేస్తే సరిగ్గా సగం, అంటే 14, సఫలమయ్యాయి.

మూడు పాయింట్ల షాట్ మీద అంత నమ్మకం ఎందుకు?

ఆట నియమాలతో పరిచయం లేనివారికి ఒక్క మాట. ఎన్‌బీఏ కోర్టులో బాస్కెట్ చుట్టూ విల్లులా వంగిన గీత ఒకటి ఉంటుంది. బాస్కెట్‌కు ఎదురుగా ఉన్నచోట దాని దూరం 7.24 మీటర్లు. ఆ గీతకు లోపలి నుంచి వేసిన షాట్ పడితే రెండు పాయింట్లు, వెలుపలి నుంచి వేసినది పడితే మూడు. 1979-80 సీజన్‌లో ఎన్‌బీఏ ఈ నియమాన్ని ప్రవేశపెట్టింది. లీగ్‌లో తొలి మూడు పాయింట్ల షాట్ సాధించిన ఆటగాడిగా నమోదైనది సెల్టిక్స్‌కు చెందిన క్రిస్ ఫోర్డే.

చాలా ఏళ్లపాటు జట్లు ఈ షాట్‌ను అత్యవసర ఆయుధంగా మాత్రమే చూశాయి. తర్వాత లెక్కలు తీసిన విశ్లేషకులు అసలు విషయాన్ని పట్టుకున్నారు. మధ్య దూరం నుంచి వేసే రెండు పాయింట్ల షాట్లు వందకు 50 పడ్డాయనుకుందాం. వంద షాట్లకు వంద పాయింట్లు వస్తాయి. మూడు పాయింట్ల షాట్లు వందకు 38 మాత్రమే పడినా, వచ్చేవి 114 పాయింట్లు. ఎక్కువసార్లు గురి తప్పినా ఎక్కువ ఆదాయం. ఈ లెక్క అర్థమైన తర్వాత లీగ్‌లో ఆట స్వరూపమే మారిపోయింది.

2022-23 సీజన్‌లో సెల్టిక్స్ మ్యాచ్‌కు సగటున 42కు పైగా మూడు పాయింట్ల షాట్లు వేసి, దాదాపు 38 శాతం సఫలం చేసుకుంది. ఆ సీజన్ ఆరంభానికి ముందు అనూహ్యంగా కోచ్ బాధ్యతలు స్వీకరించిన జో మజూలా ఈ పద్ధతిని గట్టిగా నమ్మారు. అంటే ఏడో మ్యాచ్‌లో జట్టు తన సహజ పద్ధతిని విడిచి ఆడలేదు. అలవాటైన రీతిలోనే, అలవాటైన సంఖ్యలోనే షాట్లు వేసింది. అవి పడలేదంతే.

దురదృష్టం పాలు ఎంత?

ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. తన సగటు ప్రకారమైతే సెల్టిక్స్ వేసిన 42 షాట్లలో 16 దాకా పడాలి. అంటే 48 పాయింట్లు. పడినవి తొమ్మిది కనుక వచ్చినవి 27. లోటు 21 పాయింట్లు. ఓటమి తేడా 19 పాయింట్లు.

ఈ అంకెలను చూసి, ఇది కేవలం దురదృష్టమని తేల్చేయవచ్చు. సాధారణ సంభావ్యత సూత్రం ప్రకారం లెక్కిస్తే, 38 శాతం గురి ఉన్న జట్టు 42 షాట్లలో తొమ్మిది లేదా అంతకంటే తక్కువ సాధించే అవకాశం వందకు రెండు మాత్రమే. 82 మ్యాచ్‌ల సీజన్‌లో ఒకటి రెండు రాత్రులు అలా గడుస్తాయి. ఆ రాత్రి సిరీస్ చివరి రోజున రావడం విధి వైపరీత్యం అనుకోవచ్చు.

మయామీ వైపు నుంచి చూసినా ఈ వాదనకు కొంత బలం ఉంది. సగానికి సగం షాట్లు పడటం ఏ జట్టుకూ నిలకడగా సాధ్యం కాదు. ఆ తర్వాత జరిగిన ఫైనల్స్‌లో మయామీ 1-4తో డెన్వర్ నగెట్స్ చేతిలో ఓడిపోయింది.

అయితే ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. ప్రతి షాట్‌కూ పడే అవకాశం ఒకేలా ఉంటుందని అది భావిస్తుంది. వాస్తవంలో షాట్లన్నీ ఒకటి కావు. సహచరుడు రక్షణను ఛేదించి, ఇద్దరు ప్రత్యర్థులను తనవైపు లాక్కుని అందించిన బంతితో తీరికగా వేసే షాట్ వేరు. వేరే దారి కనబడక, గడియారంలో సమయం అయిపోతుంటే వేసే షాట్ వేరు. స్కోరు పట్టికలో రెండూ ఒకే గడిలో చేరతాయి. కోచ్‌ల దృష్టిలో వాటి విలువ ఒకటి కాదు. ఆ రాత్రి సెల్టిక్స్ లోపాలు కనబడేది ఇక్కడే.

మొదటి లోపం: రెండో దారి లేకపోవడం

మయామీ కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా ఆ సీజన్‌లో లీగ్‌లోని మిగతా జట్లన్నిటికంటే ఎక్కువగా జోన్ డిఫెన్స్‌ను ప్రయోగించారు. సాధారణ రక్షణలో ఒక్కో ఆటగాడు ఒక్కో ప్రత్యర్థిని కాపలా కాస్తాడు. జోన్ పద్ధతిలో మనిషికి బదులు స్థలాన్ని కాపలా కాస్తారు. బాస్కెట్‌కు దగ్గరి ప్రాంతమంతా మనుషులతో నిండిపోతుంది. చొచ్చుకుని వెళ్లే దారి మూసుకుపోతుంది. ప్రత్యర్థిని గీత వెలుపలే ఉంచి, అక్కడి నుంచే షాట్ వేయమని ఊరించడం అందులోని వ్యూహం.

జోన్‌కు విరుగుడు ఉంది. బాస్కెట్‌కు వీపు ఆనించి ఆడగల పొడగరి ఆటగాడికి బంతిని మధ్యలో అందించడం, అక్కడి నుంచి రక్షణను చెదరగొట్టడం ఆ విరుగుళ్లలో ప్రధానమైనది. ఆనాటి సెల్టిక్స్ జట్టులో ఆ పని నమ్మకంగా చేయగల మనిషి లేరు. ఆల్ హోర్‌ఫోర్డ్ అనుభవజ్ఞుడే గానీ అప్పటికే ఆయన కూడా ప్రధానంగా గీత వెలుపలి నుంచి షాట్లు వేసే ఆటగాడిగా మారిపోయారు. రాబర్ట్ విలియమ్స్ ఎగిరి బంతిని అందుకోవడంలో, ప్రత్యర్థి షాట్లను అడ్డుకోవడంలో దిట్ట. తానుగా పాయింట్లు సృష్టించే ఆటగాడు కారు.

కాబట్టి మొదటి పది షాట్లు తప్పిపోయినప్పుడు జట్టు ముందు ఉన్న మార్గం పదకొండో షాట్ వేయడమే. గురి కుదిరిన రోజున ఇది ధైర్యంగా కనిపిస్తుంది. కుదరని రోజున మొండితనంగా కనిపిస్తుంది. నిజానికి రెండు రోజులూ జట్టు చేసింది ఒకే పని.

క్రికెట్ అభిమానులకు ఈ స్థితి కొత్తగా తోచదు. 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ బెంగళూరుపై మూడు వికెట్లకు 287 పరుగులు చేసి రికార్డు సృష్టించింది. తొలి బంతి నుంచే దాడి చేయడం ఆ జట్టు విధానం. అదే జట్టు చెన్నైలో జరిగిన ఫైనల్లో కోల్‌కతా చేతిలో 113 పరుగులకే కుప్పకూలింది. జట్టును ఫైనల్ దాకా తీసుకువచ్చింది ఆ దూకుడే. ఆ దూకుడు ఫలించని రోజున నెమ్మదిగా ఇన్నింగ్స్ నిర్మించే ఏర్పాటు లేకపోవడం మాత్రం ఫైనల్లో బయటపడింది.

రెండో లోపం: ఒత్తిడిలో బంతిని కాపాడుకోలేకపోవడం

బ్రౌన్ పోగొట్టుకున్న ఎనిమిది బంతులను ఒక రాత్రి పొరపాటుగా కొట్టిపారేయలేం. అంతకు ముందు ఏడాది, అంటే 2022 జూన్ 16న, ఇదే టీడీ గార్డెన్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌తో జరిగిన ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో సెల్టిక్స్ 22 సార్లు బంతిని పోగొట్టుకుని 90-103తో ఓడి, ట్రోఫీని చేజార్చుకుంది. ఆ ప్లేఆఫ్స్‌లో టేటమ్ ఒక్కరే వందసార్లు బంతిని కోల్పోయారు. ఒకే ప్లేఆఫ్స్‌లో ఆ సంఖ్యను చేరిన తొలి ఆటగాడు ఆయనే.

కారణం జట్టు నిర్మాణంలోనే ఉంది. టేటమ్, బ్రౌన్ ఇద్దరూ పాయింట్లు సాధించడంలో మేటి ఆటగాళ్లు. బంతిని ముందుకు నడిపి, అందరికీ పంచి, ఆటను అదుపులో ఉంచే పని ప్రధానంగా వారి స్వభావానికి చెందినది కాదు. టేటమ్ కదలలేని స్థితిలో ఆ పని కూడా బ్రౌన్ నెత్తిన పడింది. ఎడమ చేత్తో డ్రిబ్లింగ్ చేయడంలో ఆయనకు ఉన్న బలహీనత లీగ్ అంతటికీ తెలిసిందే. మయామీ ఆయనను అటువైపే నెట్టింది. రద్దీలోకి వెళ్లేలా చేసింది. బంతులు చేజారాయి.

మూడు పాయింట్ల షాట్ తప్పిపోతే ఆ దాడి మాత్రమే వృథా అవుతుంది. బంతి చేజారితే దాడి వృథా కావడంతోపాటు, రక్షణ కుదురుకోకముందే ప్రత్యర్థికి అవతలి బాస్కెట్‌కు దారి దొరుకుతుంది. అందుకే గురి బాగా లేని రోజున బంతిని కాపాడుకోవడం మరింత అవసరం. ఆ రోజున సెల్టిక్స్‌కు రెండూ కుదరలేదు.

మూడో లోపం: శిక్షక బృందంలో అనుభవలేమి

2022 సెప్టెంబరులో, శిక్షణ శిబిరం మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు, క్లబ్ అప్పటి కోచ్ ఇమే ఉడోకాను నియమావళి ఉల్లంఘన కారణంగా సస్పెండ్ చేసింది. మరో సహాయ కోచ్ విల్ హార్డీ అంతకుముందే యూటా జట్టుకు ప్రధాన కోచ్‌గా వెళ్లిపోయారు. 34 ఏళ్ల మజూలాకు పగ్గాలు దక్కాయి. ఎన్‌బీఏలో ప్రధాన కోచ్‌గా ఆయనకు అది తొలి అనుభవం. సీజన్ మధ్యలో సహాయ కోచ్ డేమన్ స్టౌడమైర్ కూడా ఒక విశ్వవిద్యాలయ జట్టు బాధ్యతలు చేపట్టడానికి వెళ్లిపోయారు.

ప్రత్యర్థి వరుసగా పాయింట్లు సాధిస్తున్నప్పుడు టైమవుట్ తీసుకుని ఆ ఊపును ఆపడం కోచ్‌ల సాధారణ అలవాటు. ఆటగాళ్లే దారి వెతుక్కోవాలన్న నమ్మకంతో మజూలా అందుకు వెనుకాడేవారు. ఫిలడెల్ఫియాతో నాలుగో మ్యాచ్ ఓవర్‌టైమ్ చివరి క్షణాల్లో టైమవుట్ తీసుకోకపోవడం, చివరి షాట్ సమయం దాటిన తర్వాత వెలువడి చెల్లకపోవడం విమర్శలకు గురైంది. మయామీతో తొలి మ్యాచ్ మూడో క్వార్టర్‌లో ప్రత్యర్థి 46 పాయింట్లు సాధించినప్పుడూ ఇదే ప్రశ్న తలెత్తింది. ఎదుటి బెంచీపై ఉన్న స్పోల్‌స్ట్రా అప్పటికే రెండు టైటిళ్లు గెలిపించిన కోచ్ కావడంతో పోలిక మరింత స్పష్టంగా కనబడింది.

సొంతగడ్డ ఎందుకు కలిసిరాలేదు?

2022-23 లీగ్ దశలో సెల్టిక్స్ సొంతగడ్డపై 41 మ్యాచ్‌లు ఆడి 32 గెలిచింది. ప్లేఆఫ్స్‌లో మాత్రం అదే ప్రాంగణంలో ఐదు గెలిచి ఆరు ఓడింది. అంతకు ముందు ఏడాది ప్లేఆఫ్స్‌లో ఆరు గెలుపులు, ఆరు ఓటములు. రెండేళ్లు కలిపితే 23 మ్యాచ్‌లలో 12 ఓటములు. సొంతగడ్డ అనుకూలత కోసం లీగ్ దశలో ఏడాదంతా శ్రమించి మెరుగైన స్థానం సంపాదించిన జట్టుకు ఇది అంతుచిక్కని విషయం.

దీనికి ఒకే కారణం చెప్పడం కష్టం. ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థులు బలమైనవన్నది నిజం. అయితే సెల్టిక్స్ ఓడిన తీరులో ఒక పోలిక కనిపిస్తుంది. అట్లాంటాపై ఐదో మ్యాచ్, జోయెల్ ఎంబీడ్ ఆడని ఫిలడెల్ఫియాపై మొదటి మ్యాచ్, మయామీపై మొదటి రెండు మ్యాచ్‌లు చివరి క్వార్టర్ దాకా చేతిలోనో, అందుబాటులోనో ఉన్నవే. ఆధిక్యం దక్కినప్పుడు ఆటను నెమ్మదింపజేసి, బంతిని కాపాడుకుంటూ ముగించే నేర్పు ఆ జట్టుకు అలవడలేదు. మూడు పాయింట్ల షాట్లు ఆధిక్యాన్ని త్వరగా పెంచుతాయి. అవి ఆగిపోయినప్పుడు ఆధిక్యం అంతే త్వరగా కరిగిపోతుంది.

ప్రేక్షకుల మద్దతు ఆటగాళ్లకు శక్తినిస్తుంది. వరుసగా షాట్లు తప్పిపోతున్నప్పుడు 19 వేల మంది ఒక్కసారిగా మౌనం వహిస్తే, అదే ప్రాంగణం భారంగా మారుతుంది.

ప్రత్యర్థికి దక్కాల్సిన గౌరవం

సెల్టిక్స్ లోపాలను మాత్రమే లెక్కపెట్టడం మయామీకి అన్యాయం చేసినట్లవుతుంది. ఆ జట్టులో కీలకపాత్ర పోషించిన కేలబ్ మార్టిన్, గేబ్ విన్సెంట్, మాక్స్ స్ట్రస్, డంకన్ రాబిన్సన్ నలుగురూ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఏ క్లబ్బూ ఎంచుకోని ఆటగాళ్లు. 2021లో షార్లెట్ జట్టు వదులుకున్న మార్టిన్, రెండేళ్లకు టీడీ గార్డెన్‌లో 16 షాట్లలో 11 సఫలం చేసి బోస్టన్ ఆశలపై నీళ్లు చల్లారు. మూడు వరుస ఓటముల తర్వాత, అందులోనూ ఆరో మ్యాచ్‌ను చివరి క్షణంలో పోగొట్టుకున్న తర్వాత, పరాయిగడ్డపై అంత స్థిమితంగా ఆడటం చిన్న విషయం కాదు.

క్లబ్ ముందున్న ప్రశ్న

ఇలాంటి ఓటమి తర్వాత ప్రతి క్లబ్ ముందూ రెండు దారులు ఉంటాయి. జట్టు పనికిరాదని తేల్చి విడగొట్టడం ఒకటి. అంతా దురదృష్టమేనని సరిపెట్టుకుని, అదే జట్టును మళ్లీ బరిలోకి దించడం రెండోది. టేటమ్, బ్రౌన్ కలిసి ఆడలేరని, ఒకరిని వదులుకోవాలని ఆ వేసవిలో అమెరికా క్రీడా మాధ్యమాల్లో విస్తృతంగా చర్చ జరిగింది.

క్లబ్ వ్యవహారాల అధిపతి బ్రాడ్ స్టీవెన్స్ ఈ రెండింటికీ మధ్యస్థమైన మార్గాన్ని ఎంచుకున్నారు. బ్రౌన్‌ను కొనసాగించడమే కాక, ఐదేళ్లకు 30 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం ఇచ్చారు. అప్పటికి ఎన్‌బీఏలో అంతకంటే పెద్ద ఒప్పందం లేదు. మజూలాను కూడా కొనసాగించారు. ఆయన పక్కన శామ్ కాసెల్, చార్లెస్ లీ వంటి అనుభవజ్ఞులైన సహాయ కోచ్‌లను చేర్చారు.

మార్పు ఇతర స్థానాల్లో జరిగింది. 2014 నుంచి జట్టులో ఉంటూ, 2022లో లీగ్ ఉత్తమ డిఫెండర్ పురస్కారం అందుకుని, అభిమానుల హృదయాల్లో స్థానం సంపాదించిన మార్కస్ స్మార్ట్‌ను వదులుకున్నారు. ఆ ఒప్పందంలో ఏడడుగులకు పైబడిన ఎత్తున్న క్రిస్టాప్స్ పోర్జింగిస్ వచ్చారు. బాస్కెట్‌కు వీపు ఆనించి, ప్రత్యర్థి తలమీదుగా షాట్ వేయగల ఆటగాడు. జోన్ డిఫెన్స్‌కు సమాధానం అదే. అక్టోబరు 1న మాల్కమ్ బ్రాగ్డన్‌ను, రాబర్ట్ విలియమ్స్‌ను, రెండు డ్రాఫ్ట్ అవకాశాలను పోర్ట్‌లాండ్‌కు ఇచ్చి జ్రూ హాలిడేను తీసుకున్నారు. ఒత్తిడిలో బంతిని కాపాడటంలోనూ, టైటిల్ గెలిచిన అనుభవంలోనూ ఆయనకు మంచి పేరు ఉంది.

గమనించదగిన విషయం ఏమంటే, సెల్టిక్స్ మూడు పాయింట్ల షాట్లు వేయడం తగ్గించలేదు. 2023-24లో వాటి సంఖ్యలో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. పద్ధతిని మార్చకుండా, ఆ పద్ధతి విఫలమైన వేళ చేయడానికి మరొక పనిని సమకూర్చుకుంది.

ఫలితం ఏమిటి?

2023-24 లీగ్ దశలో సెల్టిక్స్ 64 మ్యాచ్‌లు గెలిచింది. సొంతగడ్డపై 41లో 37 గెలిచింది. ప్లేఆఫ్స్‌లో టీడీ గార్డెన్‌లో తొమ్మిది గెలిచి రెండు మాత్రమే ఓడింది. 2024 జూన్ 17న అదే ప్రాంగణంలో డాలస్‌ను 106-88తో ఓడించి 18వ టైటిల్‌ను సొంతం చేసుకుంది. లాస్ ఏంజెలిస్ లేకర్స్‌తో సమానంగా ఉన్న రికార్డును దాటింది. ఏడాది క్రితం ఎనిమిది బంతులు పోగొట్టుకుని విమర్శల పాలైన బ్రౌన్ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు.

గాయం కారణంగా పోర్జింగిస్ ఆ ప్లేఆఫ్స్‌లో చాలా మ్యాచ్‌లకు దూరంగా ఉన్నారు. అయినా జట్టు తడబడలేదు. ఒక మనిషి లేకపోతే ఆగిపోయే జట్టుగా అది మిగలలేదు.

పాత లోపం మళ్లీ ఎలా వచ్చింది?

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది. 2024-25లో సెల్టిక్స్ తన పద్ధతిని మరింత ముందుకు తీసుకెళ్లింది. మ్యాచ్‌కు సగటున 48 మూడు పాయింట్ల షాట్లు వేసి, సీజన్ మొత్తంలో 1,457 సాధించి ఎన్‌బీఏ రికార్డు నెలకొల్పింది. 61 విజయాలతో ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది.

2025 మే 5న న్యూయార్క్ నిక్స్‌తో సొంతగడ్డపై తొలి మ్యాచ్‌లో 20 పాయింట్ల ఆధిక్యం సంపాదించి, ఓవర్‌టైమ్‌లో 105-108తో ఓడింది. 60 మూడు పాయింట్ల షాట్లు వేస్తే 15 పడ్డాయి. 45 తప్పిపోవడం ప్లేఆఫ్స్ చరిత్రలో రికార్డు. రెండు రోజుల తర్వాత అదే ప్రాంగణంలో మళ్లీ 20 పాయింట్ల ఆధిక్యాన్ని పోగొట్టుకుని 90-91తో ఓడింది. ఈసారి 40కి పది. రెండు మ్యాచ్‌లు కలిపి సరిగ్గా వంద షాట్లకు 25. నిర్ణీత సమయంలో ఒక్కో మ్యాచ్‌లో మరొక్క షాట్ పడి ఉంటే రెండు ఫలితాలూ మారిపోయేవి. నాలుగో మ్యాచ్‌లో టేటమ్ మడమ వెనుక ఉండే అకిలీజ్ స్నాయువు తెగిపోయింది. ఆరో మ్యాచ్‌లో సిరీస్ ముగిసింది.

ఆ ప్లేఆఫ్స్‌లో పోర్జింగిస్ అనారోగ్యంతో బలహీనంగా ఉన్నారు. రెండేళ్ల క్రితం సమకూర్చుకున్న రెండో దారి మళ్లీ మూసుకుపోయింది. ఆధిక్యం కరిగిపోతున్న వేళ జట్టు మళ్లీ గీత వెలుపలే నిలబడింది.

ఏం గ్రహించాలి?

మూడు పాయింట్ల షాట్‌ను దోషిగా నిలబెట్టడం సులభం. ఆ షాట్ల వల్లనే ఓడామన్నవారు, ఆ షాట్ల వల్లనే 64 మ్యాచ్‌లు గెలిచామన్న సంగతిని కూడా ఒప్పుకోవాలి. సగటు లెక్క సీజన్ అంతటికీ వర్తిస్తుంది. ఏడో మ్యాచ్ ఒక్క రాత్రి జరుగుతుంది. సగటు మీద నిర్మించిన జట్టుకు ఆ ఒక్క రాత్రి కోసం వేరే ఏర్పాటు అవసరం: బాస్కెట్ దగ్గర పాయింట్లు రాబట్టగల మనిషి, బంతిని కాపాడగల చేతులు, సమయానికి ఆటను ఆపి ఆలోచించగల కోచ్.

2023 మే నాటి ఓటమిలో దురదృష్టం పాలు ఉంది. టేటమ్ చీలమండ మెలిపడటాన్ని ఎవరూ నివారించలేరు. ఆ రాత్రి గురి అంతగా తప్పడం మళ్లీ మళ్లీ జరిగేది కాదు. అయితే ఆ దురదృష్టం వచ్చిన రోజున చేతిలో మరేమీ లేకపోవడం మాత్రం సరిదిద్దుకోగలిగిన లోపమే. సెల్టిక్స్ దాన్ని గుర్తించి సరిదిద్దుకున్న ఏడాది ట్రోఫీ గెలిచింది. ఆ ఏర్పాటు సడలిన ఏడాది, అదే ప్రాంగణంలో, దాదాపు అదే తీరులో మళ్లీ ఓడింది.